సూచనల పెట్టె దగ్గరే ఆగిన భాగస్వామ్యం

పర్యావరణ నిర్వహణపై వచ్చే పాఠ్యపుస్తకాల్లో 'ఉద్యోగుల భాగస్వామ్యం' అనే అధ్యాయం దాదాపు తప్పకుండా ఉంటుంది. అందులో చెప్పే సంగతులు కూడా ఇంచుమించు ఒకటే: అవగాహన సదస్సులు, జూన్ 5న మొక్కలు నాటడం, మంచి సూచన ఇచ్చినవారికి బహుమతి. ఇవి చెడ్డ పనులు కావు. కాని ఒక సంస్థ ఉద్యోగి నుంచి ఏమి కోరుతోందన్న ప్రశ్నకు ఇవి జవాబు చెప్పవు. అతని చేతులను కోరడం ఒకటి, అతనికి తెలిసిన విషయాన్ని కోరడం మరొకటి. ఆ విషయంపై తీసుకునే నిర్ణయంలో వాటా ఇవ్వడం వేరే సంగతి. ఈ తేడాను పట్టుకోవడానికి ఒక పుస్తకాన్ని కాస్త నిశితంగా చదువుదాం.

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో రే ఆండర్సన్ 1973లో ఇంటర్‌ఫేస్ అనే కంపెనీ స్థాపించాడు. కార్యాలయాల్లో పరిచే తివాచీ పలకలు దాని ప్రధాన ఉత్పత్తి. అది పెట్రోలియంపై ఆధారపడిన పరిశ్రమ. 1994లో 'పర్యావరణం కోసం మీ కంపెనీ ఏమి చేస్తోంది?' అని కొనుగోలుదారులు అడగడం మొదలుపెట్టారు. ఆండర్సన్ దగ్గర జవాబు లేదు. ఆ సమయంలోనే పాల్ హాకెన్ రాసిన 'ది ఎకాలజీ ఆఫ్ కామర్స్' అతని చేతికి వచ్చింది. ఆ చదువు తనను ఎలా మార్చిందో, కంపెనీ దారిని తాను ఎలా మళ్లించాడో 1998లో 'మిడ్-కోర్స్ కరెక్షన్' అనే పుస్తకంగా రాశాడు. తన పరిశ్రమ భూమిని దోచుకుంటోందని ఒక యజమాని తానే ఒప్పుకోవడం అరుదు. ఆ నిజాయితీ వల్లనే ఈ పుస్తకం ఇప్పటికీ చదవదగినది.

మన విషయానికి సంబంధించి ఇందులో అన్నిటికన్నా విలువైనది 'క్వెస్ట్' కార్యక్రమం గురించిన వివరణ. 1995లో మొదలైన ఈ కార్యక్రమంలో ఉద్యోగులను బృందాలుగా చేసి వ్యర్థాన్ని వెతకమన్నారు. వ్యర్థం అంటే ఏమిటో ముందే నిర్వచించారు: కొనుగోలుదారుకు విలువ ఇవ్వని ప్రతి ఖర్చూ వ్యర్థమే. చెత్తబుట్టలో పడేది మాత్రమే కాదు, తప్పుగా వేసిన బిల్లు, దారితప్పిన సరుకు కూడా ఈ లెక్కలోకి వస్తాయి. తర్వాత శిలాజ ఇంధనం నుంచి వచ్చే శక్తిని కూడా వ్యర్థంగానే లెక్కించాలన్నారు. ఈ నిర్వచనం చేసిన మేలు పెద్దది. కార్మికుడు వాతావరణ శాస్త్రం చదవనక్కరలేదు. తన యంత్రం దగ్గర ఏది వృథాగా పోతోందో చూపిస్తే చాలు. ఉపన్యాసం వినవలసిన మనిషి విషయం చెప్పగల మనిషి అయ్యాడు.

అదే కంపెనీకి సంబంధించిన మరో ఉదంతం నిర్వహణ గ్రంథాల్లో తరచు కనిపిస్తుంది. షాంఘైలో కట్టబోయే కర్మాగారంలో ఒక ద్రవాన్ని తిప్పే పంపులకు మొదటి నమూనా ప్రకారం 95 హార్స్‌పవర్ కావాలి. ఒక ఇంజనీరు ఆ నమూనాను మార్చి 7 హార్స్‌పవర్‌తో సరిపెట్టాడు. కొత్త యంత్రమేదీ కనిపెట్టలేదు. సన్న పైపుల బదులు లావు పైపులు వేశాడు. ముందు యంత్రాలను అమర్చి తర్వాత పైపులు లాగే అలవాటు మాని, ముందు పైపులను తిన్నగా, పొట్టిగా గీసి, ఆ తర్వాత యంత్రాలను అమర్చాడు. పైపు వ్యాసం రెట్టింపయితే, అదే ప్రవాహానికి ఘర్షణలో పోయే శక్తి దాదాపు ముప్పయ్యో వంతుకు పడిపోతుంది. ఇది డిగ్రీ స్థాయి భౌతికశాస్త్రమే.

ఈ కథను ప్రతిభకు ఉదాహరణగా చెప్పి వదిలేస్తారు. నాకు మాత్రం ఇది అధికారానికి ఉదాహరణగా కనిపిస్తుంది. ఆ ఇంజనీరుకు విషయం తెలుసు, నమూనా గీసే పెన్సిలు కూడా అతని చేతిలోనే ఉంది. విషయం తెలిసి పెన్సిలు లేనివాళ్ల మాటేమిటి?

చాలా ఏళ్ల కిందట విద్యార్థులతో ఒక కర్మాగారానికి వెళ్లాను. క్యాంటీన్ గోడ మీద 'ఉత్తమ హరిత సూచన' పోటీ బ్యానరు వేలాడుతోంది. బాయిలర్ గది దగ్గర ఒక ఫిట్టర్ పైకి చూపించి, "ఆ ఆవిరి కనిపిస్తోందా సార్? మూడు నెలల నుంచీ అట్లాగే పోతోంది. లాగ్‌బుక్కులో మూడుసార్లు రాశాను. నా పని రాయడం వరకే" అన్నాడు. పోటీలో పాల్గొనవచ్చు కదా అన్నాను. అతను నవ్వి, "ఫారంలో ఎంప్లాయీ నంబరు అడుగుతారు సార్. నేను కాంట్రాక్టు మనిషిని" అన్నాడు. ఆ తర్వాత ఎన్ని కంపెనీల సుస్థిరతా నివేదికలు చదివినా ఆ ఫారమే గుర్తుకొస్తుంది.

ఆండర్సన్ పుస్తకంలోని లోపం కూడా ఇక్కడే ఉంది. పుస్తకం మొదటి నుంచి చివరి వరకు అధినేత గొంతులోనే సాగుతుంది. మేల్కొన్నది ఆయన, పిలుపునిచ్చింది ఆయన. అధినేత మేల్కోని కంపెనీలో ఏం జరగాలన్నది ఈ కథ చెప్పదు.

బ్రిటన్‌లో దీనికి సరిగ్గా ఎదురు కథ ఒకటి జరిగింది. లూకాస్ ఏరోస్పేస్ కంపెనీలో ఉద్యోగాలు పోయే ప్రమాదం వచ్చినప్పుడు, అక్కడి కార్మిక ప్రతినిధుల ఉమ్మడి కమిటీ 1976లో ఒక ప్రత్యామ్నాయ ప్రణాళిక విడుదల చేసింది. మీకున్న నైపుణ్యంతో, ఉన్న యంత్రాలతో సమాజానికి పనికొచ్చేవి ఏమి తయారుచేయగలరని కార్మికులనే అడిగి, సుమారు 150 ఉత్పత్తుల ఆలోచనలు సేకరించారు. హీట్ పంపులు, గాలిమరలు, మూత్రపిండాల రోగులకు డయాలసిస్ యంత్రాలు, రోడ్డు మీదా పట్టాల మీదా నడిచే వాహనం అందులో ఉన్నాయి. యాజమాన్యం ఆ ప్రణాళికను తిరస్కరించింది. దాని రూపకర్తల్లో ఒకరైన మైక్ కూలీకి 1981లో రైట్ లైవ్లీహుడ్ అవార్డు వచ్చింది గాని, ప్రణాళిక మాత్రం కాగితం మీదే ఉండిపోయింది. ఏమి తయారుచేయాలన్నది కార్మికులు అడగవలసిన ప్రశ్న కాదని ఆ యాజమాన్యం అనుకుంది. ఈ రోజు హీట్ పంపులను, గాలిమరలను అందరూ భవిష్యత్ సాంకేతికత అంటున్నారు.

మన దేశానికి వస్తే, సెబీ 2021లో వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదికను ప్రవేశపెట్టింది. 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలకు అది తప్పనిసరి అయింది. అందులో తొమ్మిది సూత్రాలున్నాయి. ఉద్యోగుల శ్రేయస్సు మూడో సూత్రం, పర్యావరణం ఆరో సూత్రం. విద్యుత్తు, నీరు, ఉద్గారాలు, వ్యర్థాల లెక్కలన్నీ ఆరో సూత్రం కిందికి వస్తాయి. వనరుల పొదుపుకు చేపట్టిన చర్య, దాని వివరాలు, ఫలితం రాయడానికి గడులున్నాయి. ఆ ఆలోచన ఎవరిదో రాయడానికి గడి లేదు. ఈ సూత్రాలపై ఎంత శాతం ఉద్యోగులకు, కార్మికులకు శిక్షణ ఇచ్చారో మాత్రం మొదటి సూత్రం కింద చెప్పాలి. అంటే ఎంతమంది విన్నారో లెక్క ఉంది, ఎంతమంది మాట విన్నారో లెక్క లేదు. ఈ నివేదిక కంపెనీల గుట్టు కొంతైనా బయటపెట్టిందని నేను ఒప్పుకుంటాను. అయినా మూడో సూత్రానికీ ఆరో సూత్రానికీ మధ్య ఉన్న గోడ యాదృచ్ఛికం కాదు.

చట్టంలో ఇలాంటి గోడను ఒకసారి కొంతవరకు పగలగొట్టారు. భోపాల్ దుర్ఘటన తర్వాత, 1987లో, ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. ప్రమాదకర ప్రక్రియలున్న కర్మాగారాల్లో కార్మికులు, యాజమాన్యం సమాన సంఖ్యలో ఉండే భద్రతా కమిటీ వేయాలన్నారు. ముంచుకొచ్చే ప్రమాదం ఉందనిపిస్తే యాజమాన్యానికి చెప్పి, అదే సమయంలో తనిఖీ అధికారి దృష్టికి తెచ్చే హక్కు కార్మికులకు ఇచ్చారు. దీన్ని ఆ ఫిట్టర్ చూపించిన పైపుకు అన్వయించి చూడండి. ఆ పైపులోంచి విషవాయువు కారుతుంటే అది చెప్పడం అతని హక్కు. ఆవిరి కారుతుంటే అది ఒట్టి సూచన. బాయిలర్‌లో మండే బొగ్గు మాత్రం రెండు సందర్భాల్లోనూ మండుతూనే ఉంటుంది.

భద్రతా కమిటీలు చాలాచోట్ల సంతకాల పుస్తకాలుగా మారాయన్న అభ్యంతరం నాకు తెలుసు. ఆ విమర్శ సరైనదే. కాని హక్కు ఉన్నచోట అది అమలు కాలేదని నిలదీయవచ్చు. బహుమతి రాలేదని ఎవరు ఎవరిని నిలదీస్తారు?

మీలో చాలామంది ఉద్యోగం చేసుకుంటూ చదువుతున్నవారే. కాబట్టి ఈ పాఠానికి అభ్యాసం మీ పనిచోటులోనే ఉంది. గత ఏడాది మీ సంస్థలో విద్యుత్తు, నీరు లేదా ముడిసరుకు పొదుపు కోసం చేసిన ఒక మార్పును ఎంచుకోండి. దాన్ని మొదట గమనించింది ఎవరు, ఎవరితో చెప్పారు, ఎవరు ఆమోదించారు, ఎన్నాళ్లు పట్టింది, నివేదికలో ఎవరి పేరు వచ్చింది అన్నవి రెండు పేజీల్లో రాయండి. కాంట్రాక్టు కార్మికులను, పారిశుద్ధ్య సిబ్బందిని కూడా అడగండి.