తీర్పు అడిగిన ఆత్మకథ

న్యాయస్థానాల తీర్పులను సాహిత్య విమర్శ దృష్టితో చదవడం మనకు అంతగా అలవాటు లేదు. న్యాయశాస్త్రం వారు తీర్పులో సూత్రాన్ని వెతుకుతారు, పత్రికల వారు ఫలితాన్ని వెతుకుతారు. కాని తీర్పు కూడా ఒక రచనే. అందులోనూ ఒక కథకుడు ఉంటాడు, పాత్రలు ఉంటాయి, ఎవరిని మాట్లాడనివ్వాలో ఎవరిని పక్కన నిలబెట్టాలో అన్న ఎంపిక ఉంటుంది. 2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు హార్వర్డ్, నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయాల కేసులలో ఇచ్చిన తీర్పును మేము ఈ దృష్టితోనే చదివాం. ప్రవేశాలలో అభ్యర్థి జాతిని పరిగణించే పద్ధతి ఈ తీర్పుతో చెల్లకుండా పోయింది. అనుకూల, అసమ్మతి అభిప్రాయాలన్నీ కలిపి 200 పుటలు దాటిన ఈ పాఠంలో మమ్మల్ని ఎక్కువసేపు ఆపినది మాత్రం ప్రధాన తీర్పు చివరలో వచ్చే ఒక చిన్న పేరా.

అభ్యర్థి తన జాతి తన జీవితాన్ని ఎలా తాకిందో దరఖాస్తు వ్యాసంలో రాసుకుంటే విశ్వవిద్యాలయం దానిని చదవడానికి అభ్యంతరం లేదని ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ ఆ పేరాలో అంటారు. అయితే ఆ అనుభవం అభ్యర్థి ధైర్యానికో పట్టుదలకో నాయకత్వానికో నిదర్శనంగా నిలవాలి. అతణ్ణి ఆ గుణాలు గల వ్యక్తిగా చూడాలి గాని ఒక జాతివాడుగా చూడరాదు. వెంటనే ఒక హెచ్చరిక కూడా ఉంది: వ్యాసాన్ని అడ్డుపెట్టుకొని, నిషేధించిన పద్ధతినే దొడ్డిదారిన తీసుకురాకూడదు. మిగిలిన దారులన్నీ మూసి ఒక్కటి తెరిచి ఉంచారన్నమాట. ఆ ఒక్కటీ స్వీయకథనం అనే సాహిత్య ప్రక్రియ. కనుక దీని సంగతి న్యాయశాస్త్ర విద్యార్థులకే వదిలివేయడం కుదరదు.

ఇంత దూరం ఎలా వచ్చిందో తెలియాలంటే 1978 నాటి బాకీ కేసు దగ్గరికి వెళ్ళాలి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారి డేవిస్ వైద్య కళాశాలలో 100 సీట్లకు 16 సీట్లు అల్పసంఖ్యాక వర్గాలకు ప్రత్యేకంగా ఉంచేవారు. రెండుసార్లు సీటు రాని అలన్ బాకీ అనే శ్వేతజాతి అభ్యర్థి కోర్టుకెక్కాడు. మనం రిజర్వేషన్ అని పిలిచే ఆ 16 సీట్ల లెక్క కొట్టుడుపోయింది. న్యాయమూర్తి పవెల్ రాసిన కీలక అభిప్రాయం ఒక విచిత్రమైన మధ్యమార్గం తొక్కింది. సమాజం చేసిన పాత అన్యాయానికి పరిహారంగా జాతిని లెక్కించరాదు. తరగతి గదిలో వైవిధ్యం కోసమైతే, ఇతర అంశాలతో పాటు ఒకటిగా లెక్కించవచ్చు. అందుకు ఆదర్శంగా ఆయన చూపినది హార్వర్డ్ పద్ధతినే. ఐడహో పల్లెటూరి రైతుబిడ్డ బాస్టన్ వాడు తేలేనిదేదో కళాశాలకు తెస్తాడు, నల్లజాతి విద్యార్థి కూడా అలాగే తెస్తాడని ఆ పద్ధతిని వివరించే పత్రంలో ఉంది.

ఈ పోలికను తేలికగా దాటిపోకూడదు. బానిసత్వంలో తరతరాలు గడిపి, అది పోయాక కూడా బడి గడప బయట నిలబడిన కుటుంబం నుంచి వచ్చినవాడూ, బంగాళదుంపలు పండించే రైతు కొడుకూ ఇక్కడ ఒకే వాక్యంలో ఒకే తూకానికి వచ్చారు. ఇద్దరూ తరగతి గదికి ‘ఏదో తెచ్చేవారే’. అదే కేసులో న్యాయమూర్తి థర్గుడ్ మార్షల్ విడిగా రాసిన అభిప్రాయం బానిసల ఓడల కాలం నుంచి మొదలుపెట్టి ఆ చరిత్రను దస్తావేజులా పేర్చింది. కాని తరువాతి 45 ఏళ్ళు చట్టంగా నిలిచింది పవెల్ భాష. పరిహారం అనవలసిన చోట వైవిధ్యం అనడం విశ్వవిద్యాలయాలకు అలవాటైంది. ఈ పద్ధతిని సమర్థించేవారు తాము నమ్మిన కారణాన్ని కోర్టులో చెప్పలేకపోయారు, కోర్టులో చెప్పిన కారణాన్ని పూర్తిగా నమ్మలేకపోయారు. 2003లో గ్రట్టర్ కేసులో న్యాయమూర్తి ఓకానర్ ఈ పద్ధతిని నిలబెడుతూనే, మరో 25 ఏళ్ళకు దీని అవసరం ఉండదని ఆశించారు. ఆ గడువుకు ఐదేళ్ళ ముందే దీని కథ ముగిసింది. వైవిధ్యాన్ని కొలవడం ఎలా, అది చాలినంత వచ్చిందని తెలిసేదెలా అని రాబర్ట్స్ అడిగిన ప్రశ్నలకు జవాబు దొరకకపోవడంలో ఆశ్చర్యం లేదు. పరిహారానికి లెక్క ఉంటుంది గాని ‘ఏదో తెచ్చే’ వారికి లెక్క ఎక్కడిది?

ప్రధాన తీర్పులో బలమైన భాగం ఏదో కూడా చెప్పాలి. హార్వర్డ్ వారు ప్రతి అభ్యర్థికీ చదువుకూ ఆటలకూ వేసినట్టే వ్యక్తిత్వానికి కూడా ఒక అంకె వేసేవారు. ఆ వ్యక్తిత్వపు అంకెలో ఆసియా సంతతి పిల్లలకు సగటున తక్కువ వచ్చేదని విచారణలో బయటపడింది. ఉద్దేశపూర్వక వివక్ష లేదని 2019లో కింది కోర్టు తేల్చినా, ఆ తేడా ఎందుకు వచ్చిందో తృప్తికరంగా ఎవరూ వివరించలేదు. దయ, ధైర్యం, నలుగురిలో కలిసే స్వభావం ఒక ఖండం వారిలో కొంచెం తక్కువని అంకెలు చెబుతుంటే, ఆ అంకెలు వేసిన చేతిని అనుమానించాలి. అసమ్మతి తెలిపిన న్యాయమూర్తులు ఈ విషయాన్ని స్పృశించారే గాని దాని దగ్గర నిలబడలేదు. అమెరికాలోని తెలుగు కుటుంబాల పిల్లలు కూడా ఆ అంకెల్లో ఉన్నారు. వారి తల్లిదండ్రుల కోపాన్ని ఉత్త స్వార్థంగా కొట్టిపారేయడం మాకు సమ్మతం కాదు.

ఐతే అదే దస్తావేజులో ఇంకో లెక్క ఉంది. ఎంపిక చేసుకున్న క్రీడాకారులు, పూర్వవిద్యార్థుల సంతానం, డీన్ గారి ప్రత్యేక జాబితాలోని వారు, అధ్యాపకుల పిల్లలు కలిపి దరఖాస్తుదారులలో 5 శాతం ఉంటారు. సీట్లు పొందినవారిలో మాత్రం వారు సుమారు 30 శాతం. ఈ ద్వారానికి తీర్పు తాళం వేయలేదు. దావా వేసినవారు దాన్ని మూయమని అడగలేదు గనుక ఇది సాంకేతికంగా సరైనదే. కాని ‘ప్రతిభ’ అన్న మాటను ఈ తీర్పు పేరుతో వాడేవారు ముందుగా ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలి.

దావా వేసినది ‘స్టూడెంట్స్ ఫర్ ఫెయిర్ అడ్మిషన్స్’ అనే సంస్థ. దాని స్థాపకుడు ఎడ్వర్డ్ బ్లమ్ విద్యార్థి కాడు. సీటు రాని ఆసియా సంతతి అభ్యర్థి ఒక్కరు కూడా విచారణలో ఆ సంస్థ తరఫున బోనెక్కి సాక్ష్యం చెప్పలేదు. వారి తరఫున మాట్లాడినవి సంఖ్యాశాస్త్ర పట్టికలు. పద్ధతిని సమర్థిస్తూ హార్వర్డ్ విద్యార్థులు, పూర్వవిద్యార్థులు మాత్రం వచ్చి మాట్లాడారు. సాక్ష్యం చెప్పిన వారి కథ ఓడిపోయింది, కథ చెప్పనివారి పట్టిక నెగ్గింది. నెగ్గిన తరువాత కోర్టు అంటున్నది: ఇకమీదట మీ కథ మీరు రాసుకోండి. ఈ వైపరీత్యాన్ని ఏ వ్యాఖ్యాతా గట్టిగా పట్టుకున్నట్టు మాకు కనబడలేదు.

పాఠంలో ఇంకో మౌనం ఉంది. 1896లో, రైలు పెట్టెల్లో జాతులను విడగొట్టడం తప్పు కాదని కోర్టు అన్నప్పుడు, న్యాయమూర్తి హార్లన్ ఒక్కరే ఒప్పుకోక, రాజ్యాంగానికి రంగు కనబడదన్నారు. 2023లో ఆ మాటను ఇరుపక్షాలూ తమదిగా చెప్పుకున్నాయి. కాని హార్లన్ అదే అసమ్మతి తీర్పులో, చీనా జాతివారు మనకెంత పరాయివారంటే వారిని పౌరులుగానే ఒప్పుకోవడం లేదని, అలాంటివారికి దొరికే పెట్టె నల్లవారికి దొరకకపోవడం ఏమిటని వాదించారు. ఆసియావారి పేరు మీద నడిచిన కేసులో ఈ పూర్వరంగానికి మెజారిటీ తీర్పు చోటివ్వలేదు. ‘ఆసియన్’ అన్న గడి మరీ విశాలమనీ, తూర్పు ఆసియావారినీ దక్షిణాసియావారినీ ఒకే సంచిలో వేస్తుందనీ రాబర్ట్స్ సరిగ్గానే విమర్శించారు. ఆ సంచి కుట్టినది ఎవరో మాత్రం అడగలేదు. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు శ్వేతజాతీయులు కారని, కనుక పౌరసత్వానికి అర్హులు కారని తీర్పిచ్చినది ఇదే కోర్టు.

రచనగా చూస్తే, మొత్తం పాఠంలో మాకు నచ్చినది న్యాయమూర్తి కెటాంజి బ్రౌన్ జాక్సన్ అసమ్మతి తీర్పు. ఆమె హార్వర్డ్ కేసులో పాల్గొనలేదు, నార్త్ కరొలైనా కేసులోనే రాశారు. ఆమె ఇద్దరు ఊహాపాత్రలను నిలబెట్టారు. జాన్, జేమ్స్ ఇద్దరి కుటుంబాలూ 1789 నుంచి ఆ రాష్ట్రంలో ఉన్నవే. అది ఆ విశ్వవిద్యాలయం పుట్టిన సంవత్సరం. జాన్ శ్వేతజాతివాడు, చేరితే తన వంశంలో ఏడవ తరం పట్టభద్రుడవుతాడు. జేమ్స్ నల్లవాడు, అతడే మొదటివాడవుతాడు. అలంకారాలు లేవు, రెండు వంశవృక్షాలు మాత్రం ఉన్నాయి. ఏడు తరాల సంగతి జాన్ దరఖాస్తులో గౌరవంగా ఒదుగుతుంది. జేమ్స్ కుటుంబం ఆ ఏడు తరాలూ ఆ గేటు బయట ఎందుకుందో చెప్పాలంటే మాత్రం జాతి మాట ఎత్తక తప్పదు. న్యాయమూర్తి థామస్ తన ప్రత్యేకాభిప్రాయంలో జాక్సన్ వాదాన్ని చాలా పుటల మేర ఖండించారు. మనిషిని అతని సొంత శ్రమతో, ఎంపికలతో చూడాలి గాని చర్మంతో కాదన్నది ఆయన వాదం. అది నిజాయితీ గల వాదమే. అయినా జేమ్స్ ముత్తాత ఎందుకు చేరలేదన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు.

ఇక ఆ తెరిచి ఉంచిన దారి సంగతి. తీర్పు వచ్చిన కొద్ది వారాలకే సారా లారెన్స్ కళాశాల తన దరఖాస్తు వ్యాసానికి రాబర్ట్స్ వాక్యాన్నే ప్రశ్నగా ఇచ్చింది. హార్వర్డ్ తన పాత ఐచ్ఛిక వ్యాసం తీసేసి ఐదు చిన్న ప్రశ్నలు పెట్టింది. మీ జీవితానుభవాలు మా సంస్థకు ఏమి ఇవ్వగలవో 200 మాటలలో చెప్పమన్నది వాటిలో ఒకటి. 17 ఏళ్ళ పిల్లవాడు తన అమ్మమ్మ పడిన అవమానాన్ని 200 మాటల్లో కుదించాలి, అందులోంచి పట్టుదల అనే గుణాన్ని పిండి చూపాలి, చదివే అధికారికి ఇబ్బంది కలగకుండా ఆశాభావంతో ముగించాలి. గాయం ఉంటే చాలదు, అది మానినట్టు కూడా కనబడాలి. ఓడిపోయి, విసిగిపోయి, ఇంకా కోపంగా ఉన్న కుర్రవాడికి ఈ ప్రక్రియలో చోటు లేదు. పైగా డబ్బు గలవారి పిల్లలకు ఈ వ్యాసాలు దిద్దిపెట్టే సలహాదారులున్నారు. తెలుగులో 1995 నాటి ‘చిక్కనవుతున్న పాట’ సంకలనంలోని దళిత కవులూ తమ గాయాన్ని రాశారు. ఐతే వారు దేనికోసమూ దరఖాస్తు చేస్తూ రాయలేదు, ఎప్పుడు రాయాలో, ఎంత కోపంతో రాయాలో వారే నిర్ణయించుకున్నారు. ఆత్మకథకు ఆ స్వేచ్ఛే ప్రాణం.

మొదటి ఫలితాలు 2024 శరత్తులో వచ్చాయి. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో కొత్తగా చేరినవారిలో నల్లజాతివారు సుమారు 13 శాతం నుంచి 5 శాతానికి పడిపోయారు, ఆసియా సంతతివారు 40 నుంచి 47 శాతానికి పెరిగారు. యేల్, ప్రిన్స్‌టన్‌లలో ఆ ఏడాది నల్లజాతివారి సంఖ్య పెద్దగా కదలలేదు. 2025 జూలైలో అమెరికా న్యాయశాఖ, కేంద్ర నిధులు తీసుకునే సంస్థలకు పంపిన మార్గదర్శకాలలో, అవరోధాలు దాటిన కథలు రాయమనడం కూడా జాతికి మారుపేరుగా పనిచేయవచ్చునని హెచ్చరించింది. రాబర్ట్స్ తెరిచి ఉంచిన దారి మీదా కాపలా పడిందన్నమాట.

మన దేశంలో ప్రవేశానికి ఎవరూ కథ అడగరు, ధ్రువపత్రం అడుగుతారు. తహసీలుదారు ముద్ర ఉంటే చాలు. అది తెచ్చుకోవడంలో ఉండే తిప్పలూ, చూపించినప్పుడు ఎదురయ్యే చూపులూ మాకు తెలియనివి కావు. అయినా ఆ కాగితం గాయాన్ని వర్ణించమనదు, మానిందా అని అడగదు. బాధ్యత రాజ్యానిదని ఒప్పుకున్న కాగితం అది. ఈ విషయంలో మన పద్ధతి మెరుగని మా అభిప్రాయం.

కాని మన పాఠకులలో చాలామంది స్వరాష్ట్రం బయట ఉన్నవారు, ఆ కాగితం ఎల్లలు వారికి తెలుసు. మర్రి చంద్రశేఖర్ రావు కేసు బొంబాయి తెలుగువారు గుర్తుపెట్టుకోవలసినది. తండ్రికి తెనాలి తహసీలుదారు ఇచ్చిన షెడ్యూల్డు తెగ ధ్రువపత్రం ఉంది. దాని మీదనే ఆయనకు బొంబాయిలో కేంద్ర ప్రభుత్వ సంస్థలో ఉద్యోగం వచ్చింది. అక్కడే చదువుకున్న కొడుకు అదే హోదాతో అక్కడి వైద్య కళాశాలలకు దరఖాస్తు పెడితే, ఆ హోదా ఇక్కడ చెల్లదన్నారు. వెనుకబాటు అన్నది ఆయా రాష్ట్రానికి సంబంధించినదని, వలస వెళ్ళినవాడి వెంట ఆ హోదా రాదని 1990 మే 2న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. ఇలా వలస వెళ్ళినవారి సమస్యను పార్లమెంటు ఆలోచించాలని కూడా కోరింది. 2018లో బీర్ సింగ్ కేసులో మరో రాజ్యాంగ ధర్మాసనం అదే సూత్రాన్ని రాష్ట్ర ఉద్యోగాల విషయంలో నిలబెట్టింది. తండ్రికి చెల్లిన కాగితం అదే ఊరిలో కొడుకుకు ఎందుకు చెల్లలేదో రాసుకోవడానికి ఆ ప్రవేశ దరఖాస్తులో ఒక్క వరుస కూడా ఖాళీ లేదు. పుట్టిన రాష్ట్రం పేరు రాసే గడి మాత్రం ఉంటుంది.