ఊడిరాని బోల్టు

కారు ఇంజిన్‌లో థర్మోస్టాట్ మార్చడం చిన్న పనుల్లోకెల్లా చిన్నది. రెండు బోల్టులు విప్పి మూత ఎత్తాలి, పాత బిళ్ల తీసి కొత్తది కూర్చోబెట్టాలి, కొత్త గ్యాస్కెట్టు వేసి బిగించాలి. వీడియోలో చూస్తే పది నిమిషాలు. అదే పని ఇరవై ఏళ్లు దాటిన మారుతి 800 మీద ఆదివారం పొద్దున మొదలుపెడితే, సాయంత్రానికి బోల్టు తల చేతిలోనూ మిగతా కాడ ఇంజిన్‌లోనూ ఉండిపోవచ్చు. అప్పుడు చాలామంది తమ చేతకానితనాన్ని తిట్టుకుంటారు, లేదా కారును తిట్టి అమ్మకానికి పెడతారు. రెండూ అన్యాయమే. తప్పు చేతిది కాదు, లెక్కది. కొత్త భాగం బిగించడమే పని అనుకుంటాం. పాతది విప్పడం పనికి ముందు జరిగే తంతు అనుకుంటాం. పాత కారు దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. విప్పడమే పని. బిగించడం ఆ తర్వాత దక్కే విశ్రాంతి లాంటిది.

తుప్పు అంటే రంగు మారడం ఒక్కటే కాదు, ఉబ్బడం కూడా. ఇనుము తుప్పుగా మారితే మునుపటి కన్నా కనీసం రెండింతల చోటు అడుగుతుంది. బోల్టు మరకీ అది దిగిన గాడికీ మధ్య అంత చోటు ఎక్కడిది? అందుకే అది లోపలే చీల కొట్టినట్టు బిగుసుకుంటుంది. థర్మోస్టాట్ మూత దగ్గర ఇంకో చిక్కుంది. బోల్టు ఉక్కుది, అది దిగే భాగం అల్యూమినియంది. రెండు వేర్వేరు లోహాల మధ్య లవణాలున్న నీరు చేరితే అదొక చిన్న బ్యాటరీలా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తుంది. ఆ తెల్లటి పొడి మరల మధ్య సిమెంటులా గట్టిపడుతుంది. ఆ నీళ్లు పోసేదీ మనమే. చలిదేశాల్లో నీరు గడ్డకట్టకుండా కలిపే మందు కూలెంటని, మన ఎండలకు దాంతో పనిలేదని ఏళ్ల తరబడి రేడియేటర్‌లో బోరునీళ్లు పోసిన కార్లు మన దగ్గర ఎన్నో. కూలెంటులో మనకు కావలసింది తుప్పును ఆపే గుణం. విశాఖలోనో కాకినాడలోనో ఉప్పుగాలి బయటినుంచి చేసే పనిని, గట్టి బోరునీరు ఎక్కడైనా లోపలినుంచి చేసేస్తుంది. ఇలాంటి బోల్టు దగ్గర బలం పనికిరాదు. పానాకు పైపు తొడిగి లాగితే గోటితో పోయేది గొడ్డలి దాకా వెళుతుంది. పన్నెండు కోణాల రింగు కన్నా ఆరు కోణాల సాకెట్టు బోల్టు తలను నిండుగా పట్టుకుంటుంది. మరల్లోకి పాకే నూనె వేసి రాత్రంతా వదలాలి, సుత్తితో మెల్లగా తట్టాలి, పావు చుట్టు విప్పి మళ్లీ అంతే బిగించాలి, మళ్లీ విప్పాలి. (ఇంటింటా కనిపించే డబ్ల్యూడీ-40 పేరులోనే అది నీటిని తరిమే మందని ఉంది. పట్టేసిన మరలకు విడిగా వేరే నూనెలున్నాయి.) ఈ జాబితాలో నైపుణ్యం కొంతే, ఎక్కువ భాగం ఎదురుచూపు. వీడియోలో కత్తిరించేసేది సరిగ్గా దాన్నే.

తుప్పుకైనా ఒక పద్ధతుంది. పాత చేతులకు అదీ లేదు. ఇరవై ఏళ్లలో ఒక కారు ఎంతమంది మెకానిక్కుల చేతుల్లో పడుతుందో, ప్రతి ఒక్కరూ దాంట్లో ఏదో ఒకటి వదిలి వెళతారు. థర్మోస్టాట్‌నే చూడండి. ఎండాకాలంలో ఇంజిన్ వేడెక్కుతోందంటే దాన్ని పీకి పారేయడం మన షెడ్లలో పాత అలవాటు. అలా పీకేస్తే ఇంజిన్ తగిన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, ఈలోపు పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అసలు జబ్బు మాత్రం రేడియేటర్‌లోనో ఫ్యానులోనో అలాగే ఉంటుంది. కాబట్టి రోజంతా తంటాలుపడి మూత తెరిచినవాడికి లోపల మార్చడానికి థర్మోస్టాటే లేకపోవచ్చు. కొండను తవ్వి ఎలుకను పట్టినా ఏదో ఒకటి దొరికినట్టే, ఇక్కడ ఎలుక కూడా ఉండదు. అంబాసిడర్ కథ ఇంకా పాతది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టిన కారు కావడంతో దానికి అంగుళాల కొలతలు వారసత్వంగా వచ్చాయి. అరంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. దాని మీద 13 పానా పట్టినట్టే ఉంటుంది. గట్టిగా లాగితే జారి తల గుండ్రమైపోతుంది. 2014 మేలో ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీలో తయారీ ఆగిపోయేనాటికి, రోడ్డు మీదున్న అంబాసిడర్లలో ఏది అంగుళాల బోల్టో, ఏది ఎవరో మధ్యలో దూర్చిన మెట్రిక్ బోల్టో, పానా పెట్టి చూస్తేనే తేలే పరిస్థితి.

మాన్యువల్ చదువుకుంటే సరిపోదా అంటారు. చదవాలి, కానీ అది ఏ కారు గురించి రాసిందో గుర్తుంచుకోవాలి. ఇంగ్లండ్‌లో జాన్ హేన్స్ 1960లలో మొదలుపెట్టిన మాన్యువళ్లకు పేరొచ్చింది ఎందుకంటే, ఒక కారును నిజంగా మొత్తం విప్పి, మళ్లీ బిగిస్తూ, ఫొటోలు తీసి రాసేవారు. అంతకన్నా నిజాయితీ గల పద్ధతి లేదు. అయినా అది ఆ మోడల్ గురించి చెబుతుంది. మన ఇంటి ముందున్న కారు ఇప్పుడు ఆ మోడల్‌కు దూరపు చుట్టం మాత్రమే. పోనీ పాత కార్లు సులువు, కంప్యూటర్లుండవు అన్న మాటైనా నిజమా? కార్బరేటర్ కాలానికి నిజమే. కానీ ఈనాడు పాతవనిపించుకుంటున్న కార్లలో చాలావి ఆ కాలానివి కావు. 2000 ప్రాంతంలో కాలుష్య నిబంధనలు బిగుసుకోగానే కార్బరేటర్ పోయి, కంప్యూటర్ అదుపులో పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్ఐ వచ్చింది. లోపాన్ని బయటి స్కానరుతో చదివే ఏర్పాటు భారత్ స్టేజ్-4తో 2010 నుంచి దశలవారీగా గానీ తప్పనిసరి కాలేదు. ఈ రెండు మార్పుల నడుమ పదేళ్లలో వచ్చిన కార్లు రెంటికీ చెడిన రేవళ్లు. చెవితో విని తేల్చేంత సరళంగా లేవు, చౌక స్కానరు తగిలిస్తే చెప్పేంత కొత్తవీ కావు. ఈ చీకటంతా కాలం తెచ్చింది కాదు, కొంత కంపెనీలు కమ్మించినది. విడిభాగాలను, పరీక్షించే పరికరాలను బయటి మెకానిక్కులకు అందనీయడం లేదని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. కంపెనీలు కోర్టుకెక్కాయి. గ్యారేజీలో కూర్చుని తన తెలివితక్కువతనానికి బాధపడేవాడు ఈ సంగతి ఒకసారి తలచుకోవాలి.

గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. అమెరికాలో మెకానిక్ కూలి భారం కనుక అక్కడివాళ్లు సొంతంగా చేసుకుంటారు; విజయవాడ ఆటోనగర్ దగ్గరుండగా మనకెందుకీ గోల? డబ్బు లెక్కన దీనికి జవాబు లేదు, ఒప్పుకుంటాను. పరికరాలు కొన్న ఖర్చు చాలాకాలం తిరిగి రాదు. కానీ చెయ్యి తిరిగిన మేస్త్రికి కూడా ఆ బోల్టు అంతే మొండిది, పైగా అతని వెనక మరో నాలుగు కార్లు నిలబడి ఉంటాయి. రాత్రంతా నూనెలో నాననిచ్చినందుకు అతనికి ఎవరూ కూలి ఇవ్వరు. కాబట్టి ఉలీ సుత్తీ అందుకుంటాడు. అది అతని దోషం కాదు. సొంతదారుడి చేతిలో మేస్త్రికి లేనిది ఒక్కటే ఉంది, తీరిక. విచిత్రమేమిటంటే సొంతదారుడు దాన్నే ముందు పారేసుకుంటాడు. సోమవారం ఆఫీసుకు ఇదే కారులో వెళ్లాలని ఆదివారం మధ్యాహ్నం విప్పడం మొదలుపెడతాడు, అదీ విడిభాగాల దుకాణాలు చాలావరకు మూసి ఉండే రోజున. బ్రేకులు, స్టీరింగ్ ఇలాంటి ఆదరాబాదరా చేతులకు ఇవ్వకూడదనే వాళ్లతో నాకు పేచీ లేదు. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కింద దూరేవాడికి తీరిక ఉన్నా లేనట్టే.

ఇంతా చేసి బోల్టు విరిగితే దారి లేకపోలేదు. మిగిలిన కాడకు ఒక నట్టును వెల్డింగ్ చేస్తే ఆ వేడికి తుప్పు పట్టు సడలుతుంది, పానా పట్టడానికి కొత్త తల దొరుకుతుంది. పని తెలిసిన వెల్డరుకు అది ఎక్కువ సేపు పట్టే పని కాదు. అయితే కారును అతని దగ్గరకు నడిపించుకెళ్లాలంటే ముందు థర్మోస్టాట్ మూత బిగించాలి, నీళ్లు పోయాలి. మూతకు బోల్టులు రెండే. ఇప్పుడు మిగిలింది ఒకటి.