ఆటోనగరు బ్యాటరీ మేస్త్రి

విజయవాడ ఆటోనగరులో బ్యాటరీ పనిచేయు మేస్త్రి నైపుణ్యమును దగ్గర నిలిచి చూచినవారెవ్వరును దానిని సామాన్యమైన పనియని తలంపజాలరు. కారు సెల్ఫు తీసికొననంత మాత్రమున దోషమంతయు బ్యాటరీదేయని నిశ్చయించి క్రొత్తదానిని అంటగట్టుట సులభము, లాభదాయకము కూడ. కాని ఉత్తముఁడైన మేస్త్రి మొదట టెర్మినళ్లపై పేరుకొన్న చిలుమును వేడినీటితో కడిగి, వాని బిగువు పరీక్షించి, మీటరు పెట్టి, విశ్రాంతిలోనున్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపుచున్నదో, 12కు దిగజారినదో గమనించును. అంతటితో తృప్తిపడఁడు. నిండుగఁ గనఁబడిన బ్యాటరీయే సెల్ఫు కొట్టిన క్షణమున 9.6 కంటె దిగువకు కుంగినచో దాని బలము పైపైదేయని గ్రహించును. ఇంజను నడచుచుండగా 13.5 అయినను దాటనియెడల, తప్పును ఆల్టర్నేటరు వైపున వెదకవలెనని చెప్పి యజమాని ధనమును కాపాడును. ఈ నిజాయితీయే అతని విద్యలోనెల్ల పూజ్యమైనదిగా నాకుఁ దోఁచును.

1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుఁడు గాస్టన్ ప్లాంటే కూర్చిన సీసపు పలకలు, సల్ఫ్యూరిక్ ఆమ్లము, ఇవియే నేఁటికిని ఆ పెట్టెలోని సారము. కృష్ణాతీరపు మండువేసవి వాని ఆయువును హరించును. పలకలపై గట్టిపడిన సల్ఫేటు ఎంత ఛార్జి చేసినను కరగనప్పుడు మార్పిడి తప్పదు. అప్పుడాతఁడు నెగెటివు తీఁగను మున్ముందు విప్పి, కడపట బిగించును. పానా పొరపాటున బాడీకి తగిలినను నిప్పురవ్వ లేవకుండుటకే ఈ క్రమము.

పాఠకులారా, పాత బ్యాటరీని చెత్తలో పడవేయక దుకాణమునకే తిరిగి యిండు. అందలి సీసమును కరిగించి మరల క్రొత్త పలకలు పోయుదురు.