ప్రతిజ్ఞలో ‘గౌరవం’, ‘మర్యాద’: ఒక పరిశీలన

బడిలో ప్రార్థన సమయాన పిల్లలు చెప్పే ప్రతిజ్ఞను 1962లో తెలుగులో రచించినవారు పైడిమర్రి వెంకట సుబ్బారావు. నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన ఆయన అప్పుడు విశాఖపట్నంలో ట్రెజరీ అధికారి. దేశంలోని వైవిధ్యాన్ని వారసత్వ సంపదగా చెప్పిన ఈ చిన్న రచనను విమర్శ దృష్టితో కూడా చదవవలసి ఉంది.

ఇందులోని రెండు మాటలను గమనించండి. తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, పెద్దలకు దక్కేది గౌరవం. అందరికీ దక్కేది మర్యాద. ఎదుటివారి గురించి ఏమీ తెలియకపోయినా మర్యాద పాటించవచ్చు. గౌరవించాలంటే వారిని ఎంతో కొంత ఎరిగి ఉండాలి. భారతీయులందరూ తోబుట్టువులన్న భావన ఉన్నప్పటికీ, తోటి విద్యార్థి విషయంలో ప్రతిజ్ఞ మర్యాద దగ్గరే ఆగింది.

ఈ తేడా హైటెక్ సిటీ పరిసరాల్లో స్పష్టంగా తెలుస్తుంది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలకు అనేక రాష్ట్రాల కుటుంబాలు వచ్చాయి. అక్కడి ప్రైవేటు బడిలో తెలుగు పిల్లల పక్కన తమిళ, బెంగాలీ, మరాఠీ పిల్లలు నిలబడతారు. ఆ భవనాలు కట్టడానికి ఒడిశా నుంచి వచ్చిన కూలీల పిల్లలు మాత్రం ఆ వరుసలో సాధారణంగా ఉండరు. భాషల తేడాను దాటిన వరుస ఫీజుల తేడాను దాటలేకపోయింది.

కాబట్టి ‘మర్యాద’తో ఆగడం రచనకున్న పరిమితి, ‘అందరూ’ అన్న మాటను కుదించింది మాత్రం మనమే. మీ ఊరి బడి వరుసలో ఎవరు లేరో గమనించి, కారణాలను చర్చించండి.