నడుముకి మత్తిచ్చే ముందు

సిజేరియన్ అనగానే మత్తు డాక్టర్లం ముందుగా అనుకునేది నడుముకిచ్చే మత్తే. తల్లి మెలకువగా ఉండి బిడ్డ ఏడుపు వింటుంది. నిండు గర్భిణికి పూర్తి మత్తిస్తే గొంతులో గొట్టం వేయడం కష్టం కావచ్చు, కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. కానీ రక్తం సరిగ్గా గడ్డకట్టని మనిషికి వెన్నులో సూది దింపితే లోపల నెత్తురు చేరి వెన్నుపామును నొక్కే ప్రమాదముంది. చాలా అరుదు. వస్తే మాత్రం గంటల్లో ఆపరేషన్ చేసి తీయాలి, లేకపోతే కాళ్లు పడిపోతాయి.

ఒకప్పుడు రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు లక్ష లేకపోతే చాలామంది వెన్ను జోలికి వెళ్లేవారు కాదు. వేరే రక్తస్రావ లక్షణాలు లేకపోతే 70 వేల వరకూ ముప్పు తక్కువేనని 2021లో అమెరికా ప్రసూతి మత్తు వైద్యుల సంఘం చెప్పింది. నేను ఆ అంకెతో పాటు దాని నడకా చూస్తాను. నెలల తరబడి 75 వేల దగ్గరే నిలకడగా ఉన్నామెకు సన్న సూదితో వెన్నుకే ఇస్తాను. బీపీ పెరిగి, నిన్నటి లక్షన్నర ఇవాళ 80 వేలకు పడిపోతే నా చెయ్యి ఆగుతుంది. ఒక్కోసారి ట్యూబులోనే ప్లేట్‌లెట్లు గుంపుకట్టి మిషన్ తక్కువ చూపిస్తుంది. రక్తపు చుక్కను మైక్రోస్కోపు కింద (స్మియర్) చూడమని ల్యాబ్‌ని అడిగితే తేలిపోతుంది.

రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఒక ప్రోటీన్ లోపించే వాన్ విల్లిబ్రాండ్ జబ్బు మరీ చిక్కు. 1926లో ఫిన్లాండ్ డాక్టర్ ఎరిక్ వాన్ విల్లిబ్రాండ్ దీని గురించి రాశాడు. ఆయన చూసిన కుటుంబంలోని చిన్నపిల్ల నాలుగో ముట్టుకే నెత్తురు పోయి చనిపోయింది. ఇందులో ప్లేట్‌లెట్ల లెక్క సాధారణంగా బాగానే ఉంటుంది, రిపోర్టు చూసి పట్టుకోలేం. గర్భంలో ఆ ప్రోటీన్ చాలామందికి పెరుగుతుంది గానీ అందరికీ కాదు, కాన్పయ్యాక మళ్లీ దిగిపోతుంది.

అందుకే నోటితో అడగాలి. ముట్టు వారం దాటి పోయేదా? పన్ను పీకించుకుంటే రక్తం ఆగిందా? పక్కనున్న వాళ్లమ్మ అందుకుంటుంది: "మా ఇంట్లో ఆడోళ్లందరికీ అంతే బాబూ!" ఆవిడకు అది ఊరట, నాకు ఆధారం. కొంగు చాటున దాచుకునే ఈ మాట ఎన్నో రక్తపరీక్షల కన్నా విలువైనది.

ముందే తెలిస్తే ఏర్పాటు చేసుకోవచ్చు. ప్లేట్‌లెట్ల సంచి అయిదు రోజులే నిలవ, అన్ని చోట్లా సిద్ధంగా ఉండదు. అర్ధరాత్రి నొప్పులతో వచ్చినామెకు శ్రీకాకుళం నుంచి విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్ వంద కిలోమీటర్ల పైనే. ఇంట్లో ఎవరికైనా రక్తం ఆగని లక్షణముంటే ఏడో నెల దాటగానే చెప్పండి, కాన్పు డాక్టరుతో పాటు మత్తు డాక్టరునీ అడిగి కలవండి.