నడకను బట్టి మనిషిని పోల్చే రాడార్

శాన్‌ఫ్రాన్సిస్కోలో వేసవి సాయంత్రాలు సముద్రం మీంచి పొగమంచు కమ్ముకొస్తుంది. ఆ మసకలో డ్రైవర్ లేని వేమో కారు జీబ్రా గీతల ముందు ఆగి, నల్లకోటు మనిషికి దారిచ్చిందంటే ఆ మర్యాదలో రాడార్‌కూ వాటా ఉంది. 77 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే ఇలాంటి రాడార్ పంపే తరంగం పొడవు దాదాపు 4 మిల్లీమీటర్లు, అంటే పెసరగింజంత. చీకటైనా, వాన కురుస్తున్నా అది పెద్దగా తడబడదు. శ్రుతి పెంచుకుంటూ పోయే కూతలాంటి తరంగాన్ని సెకనుకు వేలసార్లు విసురుతుంది. తిరిగొచ్చిన ప్రతిధ్వని శ్రుతికీ, ఆ క్షణాన పంపుతున్న శ్రుతికీ ఉన్న తేడాను బట్టి దూరం లెక్కగడుతుంది. అసలు నేర్పు ఆ తర్వాత ఉంది. మనం నడిచేటప్పుడు ఒళ్ళు ఒక వేగంతో సాగుతుంది. ఊగే చెయ్యీ, ముందుకు పడే కాలూ వేరే వేగాలతో కదులుతాయి. ఆ చిన్నచిన్న తేడాలన్నీ ప్రతిధ్వనిలో అలలుగా కనిపిస్తాయి. కరెంటు స్తంభానికి ఆ ఊపు ఉండదు, దొర్లుకుంటూ పోయే డబ్బాకూ ఉండదు. ఇనుముతో పోలిస్తే మన ఒళ్ళు పంపే ప్రతిధ్వని బలహీనం. ఆగి ఉన్న కారు పక్కన కదలకుండా నిలబడ్డ మనిషిని పోల్చడం రాడార్‌కు కష్టమే. అందుకే కెమెరా, లేజర్ కాంతితో దూరం కొలిచే లైడార్ తోడుంటాయి. మన మొహం చూడకుండా, పేరు అడగకుండా, అడుగుల తీరును బట్టే మనిషని గుర్తుపట్టి బ్రేకు వేయించే ఈ పనితనం మెచ్చుకోదగ్గది.