సెల్ఫ్ పట్టని బండి, చేయి తిరిగిన ఎలక్ట్రీషియన్

చిత్తూరు వైపు జూన్, జూలై అంటే తోతాపురి కాలం. దామలచెరువు మార్కెట్‌కో, గుజ్జు ఫ్యాక్టరీకో కాయ మోసే పాత పికప్ సెల్ఫ్ పదేపదే మొరాయిస్తే మోటార్ మార్చేయడం తేలికే. ఎందుకు పోతోందో కనిపెట్టడమే పనితనం. అది మన ఆటో ఎలక్ట్రీషియన్ల దగ్గరుంది. తాళం తిప్పితే ‘టక్’మని ఊరుకునే బండికి మంచి పనివాడు ముందే మోటార్ విప్పడు. బ్యాటరీ టెర్మినళ్ల మీద పేరుకున్న పొడి గీకి, ఇంజన్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఎర్త్ పట్టీ చూస్తాడు. సెల్ఫ్ కొట్టిస్తూ మీటర్ పెడతాడు. 12 వోల్టుల బ్యాటరీ దగ్గర 10కి పైగా నిలిచి, మోటార్ దగ్గరకొచ్చేసరికి బాగా పడిపోతే దొంగ దారిలోనే ఉన్నట్టు. కేబులో, ఎర్తో మారిస్తే చాలు. అవన్నీ బాగుంటేనే మోటార్ దించి అరిగిన కార్బన్ బ్రష్‌లు, కాలిన సోలినాయిడ్ కాంటాక్టులు, వదులైన బుష్‌లు మారుస్తాడు.

కొత్తదైతే వారంటీ ఉంటుంది కదా అంటారు. నిజమే, ఆర్మేచర్ కాలిపోతే కొత్తదే నయం. కానీ తుప్పు పట్టిన ఎర్త్ అలాగే ఉంటే కొత్త మోటారూ మొరాయిస్తుంది. వారంటీ మోటారుకే గానీ తీగకు కాదు. వీళ్లకు చదువేముందనే మాటా వినిపిస్తుంది. ఐటీఐ చేసినవాళ్లూ ఉన్నారు లెండి. చేయకపోయినా, మీటర్ చూపే అంకె అందరికీ ఒకటే. మోటార్ మార్చమన్నవారిని ఎర్త్ చూశారా అని అడగండి. మీటర్ పెట్టి చూపించినవాడి దగ్గర కూలి బేరమాడకండి.